అడిగింది తెలుగులో, తేలిందీ తెలుగులోనే చెప్పండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నత విద్యా మండళ్ల అధ్యక్షులకు, రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు,



మీ అందరినీ ఒకటే కోరడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. మన ఊళ్లలో మనుషుల రక్తం తీసుకుని, వాళ్ల బతుకుల గురించి ప్రశ్నలడిగి, వాళ్ల పాటలూ కథలూ రికార్డు చేసుకుని చేసే ప్రతి పరిశోధనకూ ఒక తెలుగు నివేదిక ఉండాలి. సిద్ధాంత గ్రంథం ఇంగ్లీషులో ఉండనివ్వండి. వ్యాసాలు విదేశీ పత్రికల్లో రానివ్వండి. వాటితో పాటు ఏం వెతికాం, ఏం తేలింది, ఏం తేలలేదు అన్నది పదో తరగతి చదివినవాళ్లకు అర్థమయ్యే తెలుగులో పది పదిహేను పేజీలు రాయించండి. అది ఆ ఊరికి అందిన తర్వాతే పట్టా చేతికిచ్చే నియమం పెట్టండి. జీవశాస్త్రమైనా, సామాజిక శాస్త్రమైనా, చరిత్ర, సాహిత్యమైనా అందరికీ ఒకే నియమం.

ఈ కోరికలో భాషాభిమానం ఉంది, కానీ అంతకంటే ఎక్కువ న్యాయం ఉంది. మనుషుల మీద వైద్య పరిశోధన చేసేవాళ్లకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో నైతిక మార్గదర్శకాలు ప్రకటించింది. పాల్గొనే మనిషికి అర్థమయ్యే భాషలో అన్నీ వివరించి సమ్మతి తీసుకోవాలని అవి చెబుతాయి. అందుకే మన ఎథిక్స్ కమిటీల ముందుకు వెళ్లే ప్రతిపాదనకు తెలుగు సమ్మతి పత్రం జత చేస్తారు. అది లేకపోతే ఫైలు కదలదు. ఫలితాలను ఆ సమాజానికి తెలియజేయాలన్న మాట కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ మాట దగ్గర మాత్రం ఫైలు ఆగదు. మనిషి దగ్గర తీసుకునేటప్పుడు మనకు తెలుగు వస్తోంది, తిరిగి చెప్పేటప్పుడు రావడం లేదు.

దీనివల్ల ఏం పోతోందో చెప్పడానికి జొన్నల దగ్గర మొదలుపెడతాను.

కూనూరులో 1918లో చిన్న విచారణ కేంద్రంగా మొదలైన పోషకాహార పరిశోధన సంస్థ 1950ల చివరలో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. అప్పట్లో నగరంలోని ఆసుపత్రులకు పెల్లాగ్రా రోగులు వచ్చేవారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పొరలు లేవడం, విరేచనాలు, ముదిరితే మతి తప్పడం దాని లక్షణాలు. నయాసిన్ అనే విటమిన్ అందకపోతే వచ్చే ఈ జబ్బు మొక్కజొన్నే ఆధారంగా బతికే పేదలకు వస్తుందని ప్రపంచమంతటికీ అప్పటికే తెలుసు. మన దగ్గర అది జొన్న తినే కూలి కుటుంబాల్లో కనిపించింది. డాక్టర్ సి.గోపాలన్, డాక్టర్ ఎస్.జి.శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండి, శరీరం నయాసిన్‌ను వాడుకునే తీరును దెబ్బతీస్తోందని వాళ్ల ప్రతిపాదన. ఆ తర్వాత దాని మీద వాదోపవాదాలు జరిగాయి, ల్యూసిన్ తక్కువగా ఉండే జొన్న రకాల కోసం అన్వేషణ కూడా జరిగింది.

ఇప్పుడు ఆ జబ్బు మన పల్లెల్లో దాదాపు కనిపించదు. ఎందుకు పోయింది? 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం కంచంలో జొన్నను తగ్గించినందుకా? కూలి రేట్లు పెరిగి పప్పూ, పాలూ, కూరా తోడైనందుకా? జీవరసాయన శాస్త్రవేత్తకు ల్యూసిన్ సంగతి తెలుసు, రేషన్ కార్డు సంగతి తెలియదు. ఆర్థికవేత్తకు సబ్సిడీ లెక్క తెలుసు, చర్మం మీద మచ్చ సంగతి తెలియదు. వరి అన్నం పండగ తిండిగా, జొన్న గటక పేదల తిండిగా ఎలా నిలిచాయో, అన్నం తినడం ఎందుకు గౌరవమైందో సామెతలూ, పాటలూ, వృద్ధుల జ్ఞాపకాలూ చదివినవాళ్లకు తెలుసు. వాళ్లను మిగతా ఇద్దరూ ఎప్పుడూ అడగరు. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక, షుగరు ఉన్నవాళ్లంతా జొన్నరొట్టె వైపు మళ్లుతున్నాక, ఈ మూడు రకాల జ్ఞానమూ ఒకచోట చేరి తెలుగులో దొరకాలి. జొన్న మంచిదే, కానీ కంచంలో దాని పక్కన ఏముండాలో తల్లికి చెప్పేది ఆ చరిత్రే.

ఇంకో ఉదాహరణ హైదరాబాదు చుట్టుపక్కలే ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు 29 ఊళ్లలో ఒక అధ్యయనం చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే వచ్చిన ఊళ్లలో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ అదనపు ఆహారం అందింది. పథకం ఇంకా రాని ఊళ్లను పోలిక కోసం తీసుకున్నారు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వాళ్లయ్యాక, 2003-05లో మళ్లీ వెళ్లి చూశారు. తల్లి కడుపులో ఉండగానూ పసితనంలోనూ ఆ తిండి అందినవాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. ఇన్సులిన్ పనితీరు, రక్తనాళాల మెత్తదనం వాళ్లలో కొంత మెరుగ్గా ఉన్నాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇది వచ్చింది. ఆ కుటుంబాలను ఆంధ్రప్రదేశ్ బాలల, తల్లిదండ్రుల అధ్యయనం పేరుతో తర్వాత కూడా అనుసరిస్తూ వచ్చారు. గుండె జబ్బుల మీద, వాయు కాలుష్యం మీద జరిగిన పరిశోధనలకు ఆ ఊళ్లే ఆధారమయ్యాయి.

ఒక్కసారి ఆలోచించండి. గర్భిణిగా ఉన్నప్పుడు అంగన్‌వాడీలో పెట్టిన ఉప్మా తన బిడ్డ రక్తనాళాల్లో పదిహేనేళ్ల తర్వాత కూడా కనిపించిందని తెలిస్తే ఆ తల్లికి ఎంత బలం! కోడలిని అంగన్‌వాడీకి పంపాలా వద్దా అని తటపటాయించే ఇంటికి అంతకంటే మంచి మాట ఏ పోస్టరు చెప్పగలదు? అంగన్‌వాడీ టీచరు జీతం పెంచమని అడిగేటప్పుడు చేతిలో పట్టుకోగల కాగితం అది. బడ్జెటు మీద చర్చ జరిగేటప్పుడు ఎమ్మెల్యే చదవాల్సిన కాగితం కూడా అదే. అలాంటి కాగితం ప్రతి పంచాయతీ ఆఫీసులో, ప్రతి అంగన్‌వాడీ గోడ మీద తెలుగులో ఉండాలని నేనడుగుతున్నాను.

చెప్పకపోవడం వల్ల లాభం అందకపోవడం ఒక్కటే నష్టమైతే సర్దుకోవచ్చేమో. అంతకంటే పెద్ద నష్టం నమ్మకం పోవడం. 2009 జులైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా ఇచ్చే ప్రాజెక్టు మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా అది. ఎన్నో దేశాలు ఇస్తున్నాయి, దాని మంచితనం మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా అడిగిన పద్ధతి మీద. ఆ పిల్లల్లో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న గిరిజన బాలికలు. టీకా వేయించుకున్న పిల్లల్లో కొందరు చనిపోవడంతో 2010 ఏప్రిల్లో ప్రాజెక్టును ఆపేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలనకు వచ్చిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లో ప్రధానోపాధ్యాయులో సంతకాలు పెట్టారు. ఆ పిల్లల మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. అయినా ఆ మాటను నమ్మించగల మనిషి అక్కడ ఎవరూ మిగల్లేదు. గూడెంలో ఏ నిర్ణయం ఎవరు తీసుకుంటారో, హాస్టల్లో ఉన్న పిల్ల విషయంలో ఎవరి మాట చెల్లుతుందో, కోయ భాషలో దేన్ని ఏమంటారో తెలిసిన మానవశాస్త్ర, భాషాశాస్త్ర నిపుణులు మన విశ్వవిద్యాలయాల్లోనే ఉన్నారు. ఆ జ్ఞానం మొదటి రోజే ప్రాజెక్టులో భాగమై ఉండాల్సింది.

ఉద్దానం సంగతి మీకు చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి తోటల మధ్య కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరు, బీపీ లేనివాళ్లకు కూడా ఎందుకు వస్తోందో ఖాయంగా చెప్పగల కారణం ఇంకా తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో పని అన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశపారంపర్యం అన్నారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ, కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. 700 కోట్ల రూపాయల తాగునీటి పథకం కూడా అప్పుడే మొదలైంది. సంతోషం. కానీ అక్కడి మనిషికి కావాల్సింది ఇంకొకటి కూడా ఉంది. ఎవరు వచ్చారు, ఏం కొలిచారు, ఏ అనుమానం బలపడింది, ఏది వీగిపోయింది అన్న వరస. కారణం తేలలేదన్న మాట కూడా ఒక ఫలితమే. దాన్ని చెప్పకుండా వదిలేసిన చోట పుకారు కూర్చుంటుంది. బావి నీళ్ల మీద, పక్కింటి మీద, పెళ్లి సంబంధాల మీద ఆ పుకారు పని చేస్తుంది. ఆ పని ఎంత దూరం పోతుందో చెప్పగలిగేది సామాజిక శాస్త్రం. దాన్ని ఎలాంటి మాటలతో ఆపాలో తెలిసేది ఆ ప్రాంతపు యాస, కథనం తెలిసిన రచయితకు.

సాహిత్య, చరిత్ర శాఖలవాళ్లు ఇదంతా డాక్టర్ల గొడవ అనుకోవద్దు. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల సహాయకులూ ఊరూరూ తిరిగారు. కరణాల దగ్గరున్న కవిలెలు చూసి, పెద్దలను అడిగి, ఊరి పుట్టుపూర్వోత్తరాలను తెలుగులోనే రాయించారు. అవే కైఫియత్తులు. అవి మద్రాసు చేరాయి, పండితులకు పనికొచ్చాయి. కడప జిల్లా కైఫియత్తుల వంటివి అచ్చు పుస్తకాలై సొంత ఊళ్లకు తిరిగి రావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. ఇవాళ ఒగ్గు కథకుల దగ్గర, పటం కథలు చెప్పేవాళ్ల దగ్గర, కిన్నెర మెట్ల మీద వేళ్లాడించే కళాకారుల దగ్గర మన విద్యార్థులు గంటలకొద్దీ రికార్డు చేసుకుంటున్నారు. ఆ ధ్వని ఒక ప్రతి, ఆ గ్రంథం ఒక ప్రతి ఆ కథకుడి ఇంటికి చేరడానికి కూడా రెండు శతాబ్దాలు పట్టకూడదు. గ్రంథం తెలుగులోనే రాశాం కదా అని తెలుగు శాఖవాళ్లు తప్పించుకోవడానికి లేదు. పాట పాడిన మనిషి చదవలేని తెలుగు ఆయనకు ఇంగ్లీషుతో సమానమే.

ఇది కాని పని అని ఎవరైనా అంటే నేను మార్లవాయి పేరు చెబుతాను. కొమరం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను కోరింది. వియన్నాలో పుట్టిన ఆయన, తన భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. చెంచుల మీద, కొండరెడ్ల మీద, రాజ్‌గోండుల మీద ఆయన రాసిన పుస్తకాలు ఇంగ్లీషులో వచ్చి ప్రపంచమంతా చేరాయి. అక్కడితో ఆయన ఆగలేదు. గోండీలో చదువు చెప్పే బడి, ఆ బడికి వాచకాలు, గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ, సాగు చేసుకునే భూమికి పట్టాలు ఆ పరిశోధన వెంట వచ్చాయి. ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆ దంపతులను అక్కడి గోండులు ఇప్పటికీ ఏటా తలుచుకుంటారు.

మన గిడుగు రామమూర్తి పంతులు గారూ అంతే. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, ఆ తర్వాతే 1931లో సవర వ్యాకరణాన్నీ, 1938లో నిఘంటువునీ లోకానికి అందించారు. మొదట ఊరికి, తర్వాత లోకానికి. ఆయన పుట్టినరోజును ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతూ మీరంతా పూలమాలలు వేస్తున్నారు. ఆ వరుసను కూడా పాటించమని అడగడం తప్పు కాదనుకుంటాను.

అభ్యంతరాలు నాకు తెలుసు. పరిశోధకుడి మీద ఇప్పటికే భారం ఎక్కువ అంటారు. మూడు నాలుగు ఏళ్లు చేసిన పనిని పదిహేను పేజీల్లో చెప్పలేకపోతే ఆ పని చేసినవాడికే ఇంకా అర్థం కాలేదని ఏ గురువైనా ఒప్పుకుంటాడు. పారిభాషిక పదాలు లేవంటారు. కొత్తవి పుట్టించనక్కరలేదు, ఇంగ్లీషు పదాన్నే తెలుగు లిపిలో రాసి ఒక వాక్యంలో వివరించండి. ఉద్దానంలో క్రియాటినిన్ గురించి ఇంటింటా మాట్లాడుకుంటారు. సగం తెలిసిన ఫలితాలు చెబితే జనం భయపడతారంటారు. వాన పడుతుందో లేదో తెలియకుండానే ఏటా విత్తనం వేసే రైతుకు అనిశ్చితిని భరించడం మనం నేర్పనక్కరలేదు. రోగి పేరు బయటపడుతుందన్న భయం మాత్రం నిజమైనది. అందుకే ఊరికి ఇచ్చే నివేదికలో వ్యక్తుల వివరాలు ఉండకూడదు. కులానికో, ఊరికో మచ్చ తెచ్చే విషయాన్ని ఎలా రాయాలో ముందే ఆ ఊరి పెద్దలతో, ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి.

డబ్బు లేదన్న మాట మాత్రం నేను వినలేను. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతాయి. 1.8 కోట్ల మంది విద్యార్థులూ, అధ్యాపకులూ, పరిశోధకులూ చదువుకుంటారు. ఇది మంచి పథకం, మన జిల్లా కాలేజీ పిల్లలకు ఎంతో మేలు. 2023లో చట్టమైన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ కూడా, సైన్సుతో కలిసే మేరకు సామాజిక, మానవీయ శాస్త్రాలకు తన పరిధిలో చోటిచ్చింది. ప్రజల సొమ్ముతో పరిశోధకులు చదువుకునే ఏర్పాటు జరిగింది. ఆ ప్రజల గురించే రాసిన దాన్ని ప్రజలు చదువుకునే ఏర్పాటుకు అయ్యేది అందులో ఏ మూలకూ రాదు.

కాబట్టి మీరు చేయగలిగినవి స్పష్టంగా రాస్తున్నాను.

మొదటిది, పీహెచ్‌డీ నిబంధనల్లో గ్రంథం ఎలక్ట్రానిక్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు ఇవ్వాలన్న షరతు పక్కనే తెలుగు నివేదిక షరతు చేర్చండి. గోండీ, కోయ, సవర మాట్లాడే చోట్ల ఆ భాషలో చదివి వినిపించాలని కూడా రాయండి.

రెండోది, ఆ నివేదికను పరీక్షించేవాళ్లలో ఆ శాఖకు సంబంధం లేనివాళ్లు ఒకరుండాలి. ఊరి బడి పంతులమ్మ కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు, పత్రికా విలేకరి కావచ్చు. వాళ్లకు అర్థం కాకపోతే తిరగరాయాలి.

మూడోది, తెలుగు, జానపద, భాషాశాస్త్ర శాఖల విద్యార్థులను సైన్సు, వైద్య, వ్యవసాయ పరిశోధనల్లో భాగస్వాములను చేయండి. వాళ్లు చేసేది అనువాద కూలి అనుకోకండి, సహ రచయితలుగా పేరు వేయండి. అధ్యాపకుల పదోన్నతిలో తెలుగు నివేదికకూ మార్కులివ్వండి.

నాలుగోది, ప్రతి ప్రాజెక్టు బడ్జెటులోనూ ఊరికి తిరిగి వెళ్లే ఖర్చు ముందే రాయించండి. గ్రామసభలోనో, డ్వాక్రా సంఘం సమావేశంలోనో పరిశోధకుడు స్వయంగా నిలబడి చెప్పాలి. జనం అడిగే ప్రశ్నలు రాసుకోవాలి. తర్వాతి పరిశోధకుడికి అంతకంటే మంచి అంశాల పట్టిక ఏ గైడూ ఇవ్వలేడు.

ఐదోది, ఈ నివేదికలన్నీ జిల్లా పేరుతో, మండలం పేరుతో వెతికితే దొరికేలా రెండు రాష్ట్రాలూ కలిసి ఒకే చోట ఉంచండి. రాష్ట్రాలు విడిపోయినా ఆ 29 ఊళ్ల అధ్యయనం పేరులో ఇంకా ఆంధ్రప్రదేశ్ ఉంది. జ్ఞానానికి సరిహద్దు గీయనక్కరలేదు.

ఈ నియమం వస్తే శాఖల మధ్య గోడలు వాటంతటవే పలచబడతాయి. కిడ్నీ గురించి ఊళ్లో మాట్లాడాలంటే డాక్టరుకు సామాజిక శాస్త్రవేత్త కావాలి, ఇద్దరికీ కలిపి తెలుగు బాగా రాసే మనిషి కావాలి. ఏ సెమినారూ కలపలేని ముగ్గురిని ఊరి ముందు నిలబడాల్సిన బాధ్యత ఒకే బల్ల దగ్గర కూర్చోబెడుతుంది.

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. మీ అకడమిక్ కౌన్సిల్ సమావేశంలో ఒక తీర్మానం చాలు. వచ్చే విద్యా సంవత్సరంలో చేరే పరిశోధక విద్యార్థుల నుంచే మొదలుపెట్టండి. మీలో ఏ ఒక్కరు ముందుకొచ్చినా, ఆ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే మొదటి నివేదికలు చదవడానికి, అర్థం కానిచోట అడగడానికి, ఊళ్లో చదివి వినిపించడానికి మాలాంటి వాళ్లం చాలామంది సిద్ధంగా ఉన్నాం. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. అది కూడా అందరూ చదివేలా బహిరంగంగానే ఇవ్వండి.

గౌరవంతో,
తెలుగు ఊళ్ల పరిశోధనలను శ్రద్ధగా చదివే ఒక అధ్యాపకుడు